డెంగీలో మీది ఏ టైపు? ల్యాబ్ కౌంటర్ దగ్గర రోజూ వినే ప్రశ్నలు, వాటికి జవాబులు

నెల్లూరు పొగతోటలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నా. మిగతా జిల్లాల్లో సెప్టెంబరు దాటితే జ్వరాల హడావిడి తగ్గుతుందేమో గానీ మన నెల్లూరు, ఒంగోలు వైపు గట్టి వానలు పడేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అందుకని మా దగ్గర క్యూ దీపావళి దాటాక కూడా అట్లాగే ఉంటుంది. ఆ క్యూలో వినపడే ప్రశ్నలే ఇవి. ఒకే మాట రోజుకు ముప్పైసార్లు చెప్పి గొంతు పోయి, చివరికి రాసి పెడుతున్నా. నేను డాక్టర్ని కాదు, మందుల సంగతి మీ డాక్టర్నే అడగండి. రక్తం ట్యూబులో పడిన దగ్గర్నుంచి రిపోర్టు మీ చేతికొచ్చేదాకా ఏం జరుగుతుందో మాత్రం నాకు తెలుసు.

డెంగీలో టైపులేంది? మామూలు డెంగీ, సీరియస్ డెంగీ అనా?

కాదు. చాలామంది అట్లాగే అనుకుంటారు. డెంగీ వైరస్‌లు నాలుగున్నాయి: టైప్ 1, 2, 3, 4. నాలుగూ ఒకే తల్లి పిల్లల్లాంటివి, ముఖం పోలికలుంటాయి గానీ మనుషులు వేరు. వాటి జన్యు పదార్థం దాదాపు 65 శాతం ఒకటే, మిగతాది తేడా. దోమ ఒకటే, జ్వరం ఒకటే, ఒళ్లు నొప్పులూ ఒకటే, కళ్ల వెనకాల పోటు ఒకటే. అందుకే పేషెంటుని చూసి ఏ టైపో ఎవరూ చెప్పలేరు, ఎంత పెద్ద డాక్టరైనా సరే. అది ల్యాబ్‌లో తేలాల్సిందే.

1943లో జపాన్‌లో మొదటిసారి టైప్ 1 ని పట్టుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లలోనే యుద్ధంలో జ్వరమొచ్చిన సైనికుల రక్తాలు పరీక్షిస్తూ ఆల్బర్ట్ సేబిన్ టైప్ 2 వేరని తేల్చాడు (పోలియో చుక్కల సేబినే). మూడు, నాలుగు 1956లో మనీలాలో దొరికాయి. టైపు మారినా వ్యాధి పేరు ఒకటే. డెంగీ, డెంగ్యూ, ఏది రాసినా మాకు అర్థమవుతుంది, దానికి గొడవ అక్కర్లేదు.

నా రిపోర్టులో డెంగీ పాజిటివ్ అని ఉంది, టైపు రాయలేదు. మర్చిపోయారా?

మర్చిపోలేదు. మీరు చేయించుకున్న టెస్టుకు టైపు చెప్పే శక్తి లేదు. మామూలుగా డాక్టర్లు రాసేవి మూడు: ఎన్‌ఎస్1, ఐజీఎం, ఐజీజీ. ఎన్‌ఎస్1 అంటే వైరస్ మన రక్తంలోకి వదిలే ఒక ప్రొటీను. నాలుగు టైపులూ దాన్ని వదుల్తాయి, కిట్టు నాలుగింటినీ కలిపే పట్టుకుంటుంది. ఐజీఎం, ఐజీజీ అనేవి వైరస్ మీద మన ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు. అవి కూడా ఒక టైపుకీ ఇంకో టైపుకీ కలగాపులగంగా అతుక్కుంటాయి. టైపు కావాలంటే వైరస్ లోపలి జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏని చదవాలి, అంటే ఆర్‌టీ-పీసీఆర్ చేయాలి. కోవిడ్‌కి ముక్కులో పుల్ల పెట్టి చేశారే, పద్ధతి అదే. ఇక్కడ పుల్ల బదులు రక్తం.

ఎవరిని కదిలించినా "జ్వరం ఎన్నో రోజు" అంటారు, దానికీ టెస్టుకీ ఏంటి సంబంధం?

సంబంధమంతా అక్కడే ఉంది. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

జ్వరం మొదలైన రోజుని ఒకటో రోజు అనుకోండి. వైరస్ రక్తంలో తిరిగేది మొదటి నాలుగైదు రోజులే, కొందరిలో ఇంకో రోజో రెండు రోజులో ఎక్కువ. పీసీఆర్‌కి వైరస్ కావాలి కాబట్టి ఆ నాలుగైదు రోజుల్లో రక్తం తీస్తేనే టైపు దొరుకుతుంది. ఎన్‌ఎస్1 కూడా మొదటి రోజు నుంచి ఐదో రోజు దాకా బాగా దొరికి, ఆ తర్వాత పలచబడిపోతుంది. ఐజీఎం దీనికి ఉల్టా. మొదటి రెండు మూడు రోజులు ఉండనే ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఐదో రోజుకి నూటికి ఎనభై మందిలో కనపడుతుంది, పదో రోజుకి దాదాపు అందరిలో. అంటే రెండో రోజు ఐజీఎం చేయించి "నెగెటివ్, హమ్మయ్య" అనుకున్నా తప్పే, ఎనిమిదో రోజు పీసీఆర్ చేయించి "వైరస్ లేదంట, డెంగీ కాదంట" అనుకున్నా తప్పే. టెస్టు తప్పు కాదు, అడిగిన రోజు తప్పు.

ఇక్కడ మన భాష మమ్మల్ని ముంచుతుంది. "ఎప్పటి నుంచి జ్వరం?" అంటే "మొన్నట్నుంచి" అంటారు. మొన్న అంటే నిన్నటికి ముందు రోజా, పోయిన వారమా, వినాయక చవితికా? పొదిలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన అట్లాగే మొన్నట్నుంచి అన్నాడు, ఫారంలో మూడో రోజు అని రాసుకున్నా. పక్కన కూర్చున్న కోడలు మెల్లగా అంది, "కాదు సార్, మామయ్యకి పోయిన శుక్రవారం సాయంత్రం నుంచే ఒళ్లు వెచ్చగా ఉంది, ఎవరికీ చెప్పలా." లెక్కేస్తే ఏడో రోజు. డాక్టరుకి ఫోన్ చేసి చెబితే పీసీఆర్ కొట్టేసి ఐజీఎం చేయమన్నారు, అది పాజిటివ్ వచ్చింది. ఆ అమ్మాయి నోరు తెరవకపోతే డబ్బులూ పోయేవి, నెగెటివ్ రిపోర్టూ చేతికొచ్చేది.

అప్పట్నుంచి నేను తేదీ అడగడం మానేశా. "ఆదివారం చేపల పులుసు సయించిందా?" అని అడుగుతా. నెల్లూరోళ్లకి పులుసు సయించని రోజు బాగా గుర్తుంటుంది. జ్వరం ఆ రోజో, అంతకుముందు రోజో మొదలై ఉంటుంది.

ఎన్‌ఎస్1 నెగెటివ్ వచ్చింది. అయినా డాక్టర్ డెంగీ అనే అంటున్నారు. ఎవరిని నమ్మాలి?

డాక్టర్ని. నెగెటివ్ రావడానికి ఆరో రోజు దాటిపోవడం ఒక కారణం. ఇంకోటి కాస్త తిరకాసు. గతంలో మీకు తెలియకుండానే ఒకసారి డెంగీ వచ్చి పోయి ఉంటే, ఒంట్లో పాత యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి. అవి ఎన్‌ఎస్1 ని ముందే చుట్టేసుకుంటాయి, కిట్టుకి దొరకనివ్వవు. అంటే రెండోసారి డెంగీ వచ్చినవాళ్లలోనే ఈ టెస్టు ఎక్కువగా తప్పుతుంది, ముదిరే ప్రమాదం ఎక్కువున్నదీ వాళ్లకే. అందుకే ఎన్‌ఎస్1 ఒక్కదాని మీద ఆధారపడకుండా ఐజీఎం కూడా కలిపి రాస్తారు. రెండు టెస్టులు రాశాడని డాక్టర్ని తిట్టుకోకండి, ఈ ఒక్క విషయంలో కమీషన్ గోల లేదు.

కార్డు టెస్టు చాలా? ఎలీసా ఎందుకు?

కార్డు అంటే ప్రెగ్నెన్సీ టెస్టులా ఉండే ప్లాస్టిక్ ముక్క. గుంటలో సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) చుక్కలు వేస్తే కాగితం మీద ఎర్రగా పాకుతూ పోయి పావుగంటలో గీతలు పడతాయి. 'సీ' అక్షరం దగ్గర గీత పడితే కార్డు పనిచేస్తోందని అర్థం. రెండో చోట కూడా పడితే పాజిటివ్. సమస్య ఎక్కడంటే, ఆ రెండో గీత ఒక్కోసారి ఉందా లేదా అన్నట్టు పడుతుంది, ట్యూబ్‌లైట్ కింద ఒకరికి కనపడుతుంది, పక్కనోళ్లకి కనపడదు. ఇంకా ఘోరం, చెప్పిన టైము దాటాక అరగంటకో గంటకో చూస్తే లేని గీత కూడా పుట్టుకొస్తుంది. ఒక ఊళ్లో కార్డు వేసి, భోంచేసి వచ్చి చూసి పాజిటివ్ అని చెప్పేశారు, ఆ కుర్రాడి వాళ్లమ్మ ఏడుస్తూ ఇక్కడికొచ్చింది. మళ్లీ చేస్తే ఏమీ లేదు, మామూలు వైరల్ జ్వరం.

ఎలీసా కూడా అదే ప్రొటీనునో, అవే యాంటీబాడీలనో పట్టుకునే పద్ధతి, కాకపోతే 96 గుంటలున్న ప్లేటులో చేస్తాం. పాజిటివ్ గుంటలో నీళ్లు ముందు నీలంగా మారతాయి, చివర్లో యాసిడ్ వేయగానే పసుపు పచ్చగా తిరుగుతాయి. ఎంత పసుపో మెషిన్ అంకెల్లో చెబుతుంది, నా కళ్లజోడుతో పని లేదు. ప్రభుత్వ లెక్కలో ఎలీసాతో తేలితేనే డెంగీ ఖాయమైనట్టు, కార్డు పాజిటివ్‌ని అనుమానం కింద మాత్రమే రాసుకుంటారు. పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ తయారుచేసే ఐజీఎం కిట్లే ప్రభుత్వ ఆసుపత్రులకి వస్తాయి. నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో (పేరు మారినా అందరూ ఇంకా రిమ్స్ అనే అంటారు) ఈ టెస్టుకు మీరు డబ్బు కట్టక్కర్లేదు. కాస్త ఓపిక పట్టాలంతే, 96 గుంటల ప్లేటుని ఇద్దరి కోసం వేయరు, శాంపిళ్లు పోగవ్వాలి.

పీసీఆర్‌లో టైపు ఎట్లా తెలుస్తుంది? వైరస్ కనపడుతుందా?

కనపడదు. డెంగీ వైరస్ మా దగ్గరుండే మామూలు మైక్రోస్కోపులో చూసేంత పెద్దది కాదు. దాని ఆర్‌ఎన్‌ఏ మొత్తం దాదాపు 10,700 అక్షరాల పొడవు అనుకోండి. మేము మొత్తం చదవం, టైపుకీ టైపుకీ తేడా ఉండే ఒక చిన్న ముక్కని ఎంచుకుంటాం.

ముందు సీరం నుంచి ఆర్‌ఎన్‌ఏని శుభ్రంగా విడదీయాలి. ఆర్‌ఎన్‌ఏ మహా సుకుమారం. మన వేళ్ల చెమటలో, నోటి తుంపరలో ఉండే ఎంజైములు దాన్ని నిమిషాల్లో కొరికేస్తాయి, అందుకే గ్లవ్స్ లేకుండా ఆ గదిలో గుమ్మం కూడా ముట్టుకోనివ్వరు. తర్వాత దాన్ని డీఎన్‌ఏగా మార్చి, మెషిన్లో పెట్టి వేడి చేస్తూ చల్లార్చుతూ ఉంటే ప్రతి విడతకీ ఆ ముక్క రెట్టింపవుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు. ముప్పై విడతలకి ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది. కోవిడ్ రిపోర్టుల్లో సీటీ వాల్యూ అని ఉండేది గుర్తుందా, ఎన్నో విడతకి మెరుపు కనపడింది అనే లెక్కే అది. తొందరగా కనపడితే రక్తంలో వైరస్ ఎక్కువున్నట్టు.

టైపు కోసం నాలుగు వేర్వేరు రంగుల్లో మెరిసే నాలుగు ప్రోబ్‌లు కలుపుతాం. ప్రోబ్ అంటే ఒక చిన్న జన్యు ముక్క, ఒక్కోటి ఒక్కో టైపుకి మాత్రమే అతుక్కుంటుంది. తెర మీద ఏ రంగు గీత పైకి లేస్తే అదే టైపు. మొదటిసారి ఆ నాలుగు గీతలు నేల మీద పడుకుని ఉండి, ఇరవయ్యో విడత దాటాక ఒక్కటి మాత్రం లేచి నిలబడటం చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది, సిగ్గులేకుండా చెబుతున్నా. మూడేళ్లు డిప్లొమా పుస్తకాల్లో బొమ్మలే చూశాం మరి.

పాత పద్ధతి ఇంకా అందంగా ఉండేది. 1992లో లాన్సియోటీ బృందం రాసిన పద్ధతి చాలా ఏళ్లు ప్రపంచమంతా నడిచింది. అందులో మొదటి విడత పీసీఆర్‌లో ఏ డెంగీ అయినా సరే 511 అక్షరాల పొడవున్న ముక్క వస్తుంది. రెండో విడతలో టైపుని బట్టి పొడవు మారుతుంది: టైప్ 1 కి 482, టైప్ 2 కి 119, టైప్ 3 కి 290, టైప్ 4 కి 392. జెల్లీ లాంటి పలక మీద కరెంటు పెడితే చిన్న ముక్కలు ముందు పరుగెత్తుతాయి, పెద్దవి వెనకపడతాయి. గీత ఎక్కడ ఆగిందో చూసి టైపు చెప్పడమే. టైప్ 2 గీత అందరికన్నా కిందికి దిగి కూర్చుంటుంది.

వైరస్‌ని బతికించి పెంచి చూసే పద్ధతి కూడా ఉంది, దోమ కణాల్లో పెంచుతారు. వారం పైనే పడుతుంది, పరిశోధన ల్యాబులకి తప్ప మనకి పనికిరాదు.

మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. అక్కడే రక్తం తీయించి పంపితే సరిపోతుందా?

సరిపోతుంది, పంపే పద్ధతిలో పంపితే. మాకు పాడైపోయి వచ్చే శాంపిళ్లలో ఎక్కువ దారిలో పాడైనవే. ఒకసారి ఆ వైపు నుంచే తెల్లవారుజాము బస్సులో ఒక ఫ్లాస్కు వచ్చింది, డ్రైవరు పక్కన పెట్టి పంపారు. తెరిస్తే లోపల ఐసు కరిగి గోరువెచ్చటి నీళ్లు, అందులో తేలుతూ మూడు ట్యూబులు, పేర్లు రాసిన చీటీలు తడిసి ఊడిపోయి ముద్దగా అడుగున. ఒక ట్యూబులో రక్తం ఎర్ర షర్బత్తులా ఉంది, ఎవరో మంచి మనసుతో ముందు రాత్రి దాన్ని డీప్ ఫ్రిజ్‌లో పెట్టారంట. మొత్తం రక్తాన్ని గడ్డకట్టిస్తే కణాలన్నీ పగిలిపోతాయి, ఇంక దేనికీ పనికిరాదు. మూడూ పారబోసి మళ్లీ తీయమన్నాం. అప్పటికి ఒకాయనకి ఆరో రోజు వచ్చేసింది. ఆయన టైపేందో ఇప్పటికీ తెలియదు, ఇక తెలియదు కూడా.

కాబట్టి ఎర్ర మూత ట్యూబు గానీ, ఊదా మూత ట్యూబు గానీ వాడండి, ఆకుపచ్చ మూత వద్దు. అందులో ఉండే హెపారిన్ పీసీఆర్‌ని పని చేయనివ్వదు. రక్తం తీశాక సీరం వేరు చేసి, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్ కింద అరలో ఉండేంత చల్లగా, అదే రోజు పంపేయాలి. ఐస్‌ప్యాకులు వేయండి, విడి ఐసు వద్దు. ట్యూబు మీద పేరు పెన్నుతో కాదు, మార్కర్‌తో రాసి పైన టేపు వేయండి. చీటీ మీద జ్వరం మొదలైన తేదీ ఉండాలి, మీరు ఏమైనా మర్చిపోండి గానీ అది మర్చిపోకండి. వారాల తరబడి దాచాలంటే మైనస్ 70 డిగ్రీల ఫ్రీజరు కావాలి, ఇంట్లో ఐస్‌క్రీమ్ పక్కన పెట్టే పని కాదు.

టైపు తెలుసుకుంటే వైద్యం మారుతుందా?

మారదు. ఒకటో టైపుకి ఒక మందు, రెండో టైపుకి ఇంకో మందు లేదు. అసలు వైరస్‌ని చంపే మందే లేదు. ఏ టైపైనా జ్వరానికి పారాసిటమాల్, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడం, డాక్టరు చెప్పినట్టు రక్తం కౌంటు, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) చూసుకుంటూ ఉండటం, అంతే. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, సూదులు మాత్రం వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. "ఒళ్లు నొప్పులు తగ్గట్లేదు, ఒక సూది వేయి" అని ఊళ్లో ఆర్‌ఎంపీని బతిమాలేవాళ్లకి ఈ ముక్క చదివి వినిపించండి.

జ్వరం తగ్గిన రోజునే జాగ్రత్తగా ఉండాలి. నాలుగో రోజు, ఐదో రోజు ఒళ్లు చల్లబడగానే ఇంటికెళ్లిపోదామంటారు, రక్తనాళాల్లోంచి నీరు కారిపోయే ప్రమాదం సరిగ్గా అప్పుడే ఉంటుంది. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచి రక్తం, మనిషి మత్తుగా పడుకోవడం, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏది కనపడినా టైపు రిపోర్టు కోసం ఎదురుచూడకుండా 108 కి ఫోన్ చేయండి.

ఇంత చెప్పాక కూడా కొందరు డబ్బున్నవాళ్లు "ఎంతైనా పర్లేదు, టైపు టెస్టు కూడా చేయండి" అంటారు. నా ఉద్యోగం మీద నాకే దెబ్బ గానీ నిజం చెబుతా, మీ మనిషి కోసమే అయితే అక్కర్లేదు.

మరి ఎవరి కోసం చేస్తారు?

ఊరి కోసం. ఒక టైపు వచ్చి తగ్గితే ఆ టైపు మళ్లీ రాకుండా జీవితాంతం రక్షణ ఉంటుంది. మిగతా మూడింటి మీద మాత్రం కొన్ని నెలలే రక్షణ, ఆ తర్వాత ఉండదు. పైగా పాత యాంటీబాడీలు కొత్త టైపుని పూర్తిగా చంపలేక, దానికి అతుక్కుని కణాల్లోకి అవే దారి చూపిస్తాయి. దొంగకి ఇంటి తాళం కాపలావాడే ఇచ్చినట్టు. అందుకే రెండోసారి వేరే టైపుతో వచ్చిన డెంగీ ముదిరే అవకాశం ఎక్కువ. అందరికీ ముదురుతుందని కాదు, ఎక్కువమందికి అప్పుడు కూడా మామూలుగానే తగ్గిపోతుంది.

దీనికి పెద్ద ఉదాహరణ క్యూబా. 1977లో అక్కడ టైప్ 1 వచ్చింది, లక్షలమందికి సోకినా పెద్దగా ఎవరూ పోలేదు. 1981లో టైప్ 2 దిగింది. ఆ ఏడాది 3,44,203 కేసులు, 158 మంది చనిపోయారు, వాళ్లలో 101 మంది పిల్లలు. 1977 తర్వాత పుట్టి టైప్ 1 చూడని ఏడాది, రెండేళ్ల పిల్లల్లో మాత్రం జబ్బు ముదిరినవాళ్లు కనపడలేదు. అంటే ఒక ఊళ్లో ఇన్నాళ్లూ తిరిగిన టైపు ఏదో, కొత్తగా దిగిన టైపు ఏదో తెలిస్తే ఆసుపత్రుల్లో పడకలు, సెలైన్లు, బ్లడ్ బ్యాంకులు ముందే సర్దుకోవచ్చు. మన దేశంలోనూ టైపులు మారుతూనే ఉంటాయి. ఢిల్లీలో 1996 నాటి పెద్ద విజృంభణకి టైప్ 2 కారణం, 2003లో వచ్చేసరికి టైప్ 3 ముందుకొచ్చింది.

అందుకే ప్రభుత్వం వైపు నుంచి అందరికీ కాకుండా కొన్ని శాంపిళ్లే ఏరి టైపు చూస్తారు. తిరుపతి స్విమ్స్‌లో ఉన్నటువంటి వైరాలజీ ల్యాబులు ఉన్నది ఇలాంటి పనికే. మీ రక్తం అలా వెళ్తే వద్దనకండి, మీకు ఖర్చేమీ ఉండదు.

అన్నిట్లోకీ డేంజరు ఏ టైపు?

రెండో టైపుకి చెడ్డపేరు ఎక్కువ. నాలుగిటితోనూ మనుషులు పోయిన దాఖలాలున్నాయి. ఏ టైపు అన్నదానికన్నా ఎన్నోసారి అన్నదే నేను ముందు అడుగుతా.

ఒకేసారి రెండు టైపులు వస్తాయా?

వస్తాయి. ఒకే సీజన్లో ఊళ్లో రెండు మూడు టైపులు తిరుగుతుంటే రెండు దోమలు కుట్టొచ్చు, లేదా ఒకే దోమ రెండూ మోయొచ్చు. 2006లో ఢిల్లీలో కొందరు పేషెంట్లలో రెండేసి టైపులు దొరికాయి. తెర మీద రెండు రంగుల గీతలు లేస్తే మేము వెంటనే సంబరపడం, ముందు పక్క ట్యూబు నుంచి ఏమైనా తుంపర పడిందేమోనని మళ్లీ మొదట్నుంచి చేస్తాం.

ఐజీజీ పాజిటివ్ అంటే ఇప్పుడు డెంగీ ఉన్నట్టా?

ఒక్క ఐజీజీయే ఉంటే, ఎప్పుడో వచ్చి పోయిందని. ఏళ్ల తరబడి ఉంటుంది అది. జ్వరం మొదలైన మూడు నాలుగు రోజుల్లోనే ఐజీజీ బాగా ఎక్కువగా ఉండి, ఎన్‌ఎస్1 గానీ ఐజీఎం గానీ కూడా వస్తే, ఇది రెండోసారి అయ్యుండొచ్చని డాక్టరు కాస్త ఎక్కువ జాగ్రత్త పడతారు. ఇంకో మెలిక, ఐజీఎం కూడా జబ్బు తగ్గాక రెండు మూడు నెలలు ఉండిపోతుంది. డిసెంబర్లో వచ్చిన మామూలు జ్వరానికి అక్టోబరు నాటి ఐజీఎం పాజిటివ్ రావచ్చు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ లాంటి చుట్టాల వైరస్‌ల వల్ల కూడా పొరపాటున రావచ్చు.

పొద్దున ఒక ల్యాబ్‌లో ప్లేట్‌లెట్స్ 40 వేలు, సాయంత్రం ఇంకో ల్యాబ్‌లో 95 వేలు. ఎవరు మోసం చేసినట్టు?

ఎవరూ చేసి ఉండకపోవచ్చు. ఊదా మూత ట్యూబులో ఉండే ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే పదార్థం) వల్ల కొందరి ప్లేట్‌లెట్స్ ఒకదానికొకటి అంటుకుని గుంపులవుతాయి, మెషిన్ వాటిని లెక్కలోకి తీసుకోదు. రక్తం తీశాక ట్యూబుని మెల్లగా తిప్పకపోయినా చిన్న గడ్డలు కట్టి అంకె పడిపోతుంది. అంకె అనుమానంగా ఉంటే గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూడమని అడగండి, అది మీ హక్కు. రక్తస్రావం లేకుండా ఉంటే పది వేల కిందికి పడేదాకా ప్లేట్‌లెట్స్ ఎక్కించాల్సిన పని మామూలుగా ఉండదు. యాభై వేలకే డోనర్ల కోసం వాట్సాప్ గ్రూపుల్లో మెసేజీలు పెట్టి ఊరంతా టెన్షన్ పెట్టకండి.

డెంగీతో పాటు టైఫాయిడ్ కూడా ఉందన్నారు?

విడాల్ టెస్టు (టైఫాయిడ్ మీద యాంటీబాడీలున్నాయా అని చూసేది) చూసి చెప్పి ఉంటారు. మన దగ్గర ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో కూడా విడాల్ ఎంతోకొంత వస్తుంది. ఒక్క విడాల్ చూసి రెండు జబ్బులని తేల్చడం నాకైతే నచ్చదు, బ్లడ్ కల్చర్ (రక్తంలోని బ్యాక్టీరియాని పెంచి చూసే టెస్టు) అడగండి. దానికన్నా మన వైపు మర్చిపోకూడనిది స్క్రబ్ టైఫస్, పొలాల్లో, పొదల్లో తిరిగేవాళ్లకి చిన్న పురుగు కుట్టి వస్తుంది, జ్వరమూ ప్లేట్‌లెట్స్ పడిపోవడమూ అచ్చం డెంగీ లాగే ఉంటాయి, దానికి మాత్రం మందు ఉంది. చంకల్లో, గజ్జల్లో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉందేమో చూసుకుని డాక్టరుకి చెప్పండి.

బొప్పాయి ఆకు రసం తాగితే టెస్టు రిజల్టు మారుతుందా?

టైపూ మారదు, ఎన్‌ఎస్1 కూడా మారదు. కానీ ఆ చేదుకి వాంతులు చేసుకుని నీరసపడి వచ్చేవాళ్లని చూస్తూనే ఉన్నాం. కొబ్బరినీళ్లు తాగండి.

మా ఊళ్లో మురికి కాలువలే లేవు, నీళ్లకే కరువు. అయినా డెంగీ ఎట్లా వచ్చింది?

కరువు కాబట్టే వచ్చింది. ఈ దోమ మురికినీళ్లలో కాదు, మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ట్యాంకరు వచ్చినప్పుడే పట్టుకుని డ్రమ్ముల్లో, తొట్లలో వారం పది రోజులు దాచుకుంటారు కదా, గుడ్డు నుంచి దోమ అవడానికి సరిగ్గా అంతే టైము చాలు. నెల్లూర్లో వేరే కథ, 2021 నవంబరులో పెన్నా వరదలాంటిది వచ్చినప్పుడు ఆ ఉధృతికి పిల్ల పురుగులు కొట్టుకుపోతాయి, నీళ్లు తీశాక టైర్లలో, కొబ్బరి చిప్పల్లో, కూలర్లలో మిగిలిన నీళ్లతోనే అసలు గోల. శుక్రవారం డ్రై డే అని ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు వచ్చి తొట్లు ఒంపమంటే విసుక్కుంటాం. నేనూ విసుక్కునేవాడినే, మా ఇంటి మీద ట్యాంకు మూత పగిలి ఏడాదైంది, పోయిన నెలే మార్చా.

టీకా లేదా?

బయటి దేశాల్లో ఉన్నాయి. మన దేశంలో ఐసీఎంఆర్, పనేషియా బయోటెక్ కలిసి డెంగీఆల్ అనే టీకా మీద 2024 ఆగస్టులో మూడో దశ పరీక్షలు మొదలుపెట్టాయి, పది వేల పైచిలుకు మందితో. ఇంత ఆలస్యం ఎందుకంటే మళ్లీ ఈ టైపుల గొడవే. ఒక టైపు మీద బలంగా, ఇంకో టైపు మీద బలహీనంగా పనిచేస్తే ఇందాక చెప్పిన కాపలావాడి కథ టీకాతోనే మొదలవుతుంది. నాలుగిటి మీదా ఒకేసారి పనిచేయాలి.

తగ్గిపోయి నెలయింది. ఇప్పుడు టైపు తెలుసుకోవచ్చా?

పీసీఆర్‌తో కుదరదు, వైరస్ ఎప్పుడో వెళ్లిపోయింది. మీ యాంటీబాడీలు ఏ టైపు వైరస్‌ని ఎక్కువ అడ్డుకుంటున్నాయో చూసే న్యూట్రలైజేషన్ టెస్టు ఉంది, బతికున్న వైరస్‌తో చేయాలి, రోజులు పడుతుంది, పరిశోధన ల్యాబుల్లోనే చేస్తారు. రెండుసార్లు డెంగీ వచ్చినవాళ్లలో అది కూడా తికమక పడుతుంది.

పాత రిపోర్టులు దాచుకోవాలా?

దాచండి. కార్డు కాదు, కాగితం. కార్డు మీద గీతలు రేపటికి నమ్మకానికి పనికిరావు. రిపోర్టుని ఫోన్లో ఫొటో తీసి, అది పోకుండా ఇంట్లో ఇంకొకరికి కూడా వాట్సాప్ చేసి ఉంచండి, దాని కింద జ్వరం మొదలైన తేదీ రాయండి. మళ్లీ ఎప్పుడైనా జ్వరమొచ్చి డాక్టరు "ఇంతకుముందు డెంగీ వచ్చిందా?" అంటే "ఏమో, అప్పుడెప్పుడో వచ్చినట్టుంది" అని కాకుండా ఆ ఫొటో చూపించండి. పోయిన వారం ఉలవపాడు నుంచి ఒకావిడ వస్తే ఇదే అడిగా, ఎప్పుడొచ్చిందమ్మా అని. చీర కొంగు ముడి విప్పి మడతలు పడ్డ కాగితం తీసింది, మూడేళ్ల నాటిది, ఎన్‌ఎస్1 పాజిటివ్. వెనకాల వాళ్లబ్బాయి రాసిన అక్షరాలు: "జ్వరం మంగళవారం, మధ్యాహ్నం అన్నం తిన్నాక."